నడవడికి సాక్షి ఎవరు?

వార్షికోత్సవానికి వచ్చిన పూర్వ విద్యార్థులమంతా భోజనాలయ్యాక వేపచెట్టు కింద చేరి, ఎవరి ఉద్యోగం కథ వాళ్లు చెప్పుకోవడం మన హాస్టల్లో ఆనవాయితీ. ఆ కథల్లో ఒకదాన్ని మేము ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాం.

మాలో ఒకడికి ఒక ప్రభుత్వ కార్యాలయంలో చిన్న ఉద్యోగం వచ్చింది. చేరే ముందు అటెస్టేషన్ ఫారం నింపమన్నారు. తండ్రి పేరు, ఊరు, చదివిన బడులు, ఉన్న చిరునామాలు అన్నీ రాశాడు. చివర్లో ఒక గడి ఉంది. నిన్ను ఎరిగిన ఇద్దరు బాధ్యతగల వ్యక్తుల పేర్లు రాయమని దాని సారాంశం. వాడు పెద్దగా ఆలోచించలేదు. మొదటి పేరు మన హాస్టల్ వంటమ్మది రాశాడు. రెండోది రాత్రిపూట కాపలా ఉండే వాచ్‌మన్ తాతది రాశాడు. ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా వాణ్ణి రోజూ చూసినవాళ్లు వాళ్లిద్దరే. గుమాస్తా ఆ కాగితం చూసి నవ్వాడు. "ఇట్లాంటి పేర్లు కాదయ్యా, పెద్దమనుషుల పేర్లు రాయి" అని కొత్త ఫారం చేతిలో పెట్టాడు. ఊళ్లో తనను ఎన్నడూ పలకరించని ఒక మోతుబరి పేరు, బస్టాండులో రెండుసార్లు చూసిన ఒక కాంట్రాక్టరు పేరు రాసి ఇచ్చాడు మావాడు. ఉద్యోగంలో చేరాడు.

వాడు ఇది నవ్వుతూనే చెప్పాడు. మేమూ నవ్వాం. తరువాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. నడవడికి ఇద్దరు సాక్షులు కావాలన్నప్పుడు, వాణ్ణి నిజంగా ఎరిగిన ఇద్దరూ పనికిరాలేదు. ఎరగని ఇద్దరూ పనికొచ్చారు. మరి ఆ గడి అడిగింది నడవడినా? లేక మన పరిచయాల స్థాయినా?

పనిలో పెట్టుకునే ముందు మనిషి ఎలాంటివాడో విచారించడం తప్పని మేము అనడం లేదు. ముందే ఈ మాట స్పష్టంగా చెప్పాలి. ముసలి తల్లిదండ్రులను ఇంట్లో వదిలి పనికి వెళ్లేవాళ్లు, వాళ్లను చూసుకోవడానికి వచ్చే మనిషి గురించి అడగక ఏం చేస్తారు? స్కూలు బస్సు నడిపేవాడి గురించి, ఏటీఎంలో డబ్బు నింపేవాడి గురించి తెలుసుకోవలసిందే. 2005లో వచ్చిన ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కూడా గార్డుగా పెట్టుకునేవాడి నడవడి, పూర్వాపరాలు విచారించి తృప్తి పడాలని ఏజెన్సీ మీద బాధ్యత పెట్టింది. అందులో మాకు అభ్యంతరం లేదు. మన హాస్టల్ నుంచి వెళ్లి అలాంటి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు మాలోనూ ఉన్నారు.

మా ప్రశ్న వేరు. ఎవరిని అడుగుతున్నారు? ఏమని అడుగుతున్నారు? ఒక మనిషి గురించి రెండు రకాలుగా అడగవచ్చు. "ఇతను మీ దగ్గర ఏం పని చేశాడు, ఎంతకాలం చేశాడు, ఎలా చేశాడు?" అన్నది ఒక రకం. దీనికి చూసినవాళ్లు జవాబు చెప్పగలరు. ఆ జవాబు నిజమో కాదో తేల్చుకోవచ్చు కూడా. "ఇతను మంచివాడేనా? ఎవరైనా పెద్దమనిషి హామీ ఇస్తాడా?" అన్నది రెండో రకం. దీనికి జవాబు చెప్పేవాడు చూసి ఉండనక్కర లేదు, పెద్దమనిషి అయితే చాలు. మొదటి ప్రశ్న పని గురించి. రెండోది పలుకుబడి గురించి. మన దేశంలో నడవడి పత్రాల పేరుతో అడుగుతున్నది చాలావరకు రెండో ప్రశ్నే అని మా అభిప్రాయం.

గెజిటెడ్ సంతకం కోసం తిరిగిన రోజులు మాలో చాలామందికి గుర్తే. ఆ నడవడి పత్రంలో ఉండేది నాలుగు లైన్లు. ఈ అభ్యర్థిని ఇన్నేళ్లుగా ఎరుగుదుననీ, నాకు తెలిసినంతవరకు నడవడి మంచిదనీ, అతను నాకు బంధువు కాడనీ అధికారి రాయాలి. మా నాన్నలు కూలికి పోయేవాళ్లు. మా బంధువుల్లో గెజిటెడ్ అధికారి ఎవరూ లేరు, కాబట్టి బంధువు కాడన్న షరతుతో మాకు చిక్కే రాలేదు. ఎరిగిన అధికారి ఎవరన్నదే చిక్కు. మాలో ఒకడు ఫైలు పట్టుకుని మూడు ఆఫీసులు తిరిగాడు. మొదటి ఆఫీసులో సారు మీటింగులో ఉన్నారన్నారు. రెండో ఆఫీసులో ఒక పెద్దాయన కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించి, "బాబూ, నిన్ను నేను ఇవాళే చూశాను. మూడేళ్లుగా ఎరుగుదునని ఎలా రాయను?" అన్నారు. మూడో చోట సంతకం దొరికింది. కలెక్టరేటు పక్క జెరాక్స్ షాపు కుర్రవాడు లోపలికి తీసుకెళ్లి, మొహం కూడా ఎత్తి చూడని ఒకాయనతో స్టాంపు వేయించి, ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

ఆ రోజు మావాడు రెండో ఆఫీసు పెద్దాయనను తిట్టుకున్నాడు. ఇప్పుడు మాకు అనిపిస్తుంది, ఆ ముగ్గురిలో నిజం మాట్లాడింది ఆయన ఒక్కడే. నిజం చెప్పేవాడు సంతకం పెట్టలేని, అబద్ధం చెప్పేవాడే పెట్టగల కాగితం అది. పిల్లవాడి మంచితనానికి రుజువుగా ఉద్యోగంలో మొదటి రోజు ఆ కాగితాన్నే తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు. కొలువు తొలి మెట్టు మీదే అబద్ధం నేర్పి, దానికి నడవడి పత్రం అని పేరు పెట్టాం.

ఇది మన ఒక్కరి కథ కాదు. ఇంగ్లండులో ఇళ్లలో పనిచేసేవాళ్లకు పాత యజమాని ఇచ్చే మంచి మాటల కాగితాన్ని 'క్యారెక్టర్' అనేవారు. అది లేనిదే కొత్త ఇంట్లో పని దొరికేది కాదు. దొంగ కాగితాలు ఎక్కువైపోతున్నాయని 1792లో అక్కడ ఒక చట్టమే చేశారు. అబద్ధపు కాగితం ఇచ్చినవాడికి, దాన్ని వాడుకున్నవాడికి జరిమానా పెట్టారు. కానీ నిజాయితీగా పనిచేసిన పనిమనిషికి యజమాని ఆ కాగితం ఇచ్చి తీరాలన్న బాధ్యతను మాత్రం అక్కడి న్యాయస్థానాలు ఒప్పుకోలేదు. ఇస్తే యజమాని దయ, ఇవ్వకపోతే పనిమనిషి ఖర్మ.

ఫ్రాన్సులో నెపోలియన్ కాలంలో, 1803లో, కార్మికులకు ఒక పుస్తకం పెట్టారు. పనిలో చేరగానే ఆ పుస్తకం యజమాని దగ్గర పెట్టాలి. అందులో అతను సంతకం చేసి తిరిగి ఇస్తేనే మరో చోటికి పోవాలి. అడ్వాన్సు బాకీ ఉంటే అదీ అందులో రాసేవారు. 1890లో గాని ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. ఇది చదువుతుంటే మాకు ఫ్రాన్సు గుర్తుకు రాలేదు. పదో తరగతి ఒరిజినల్ మెమో ఉద్యోగంలో చేరేటప్పుడు తీసుకుని, మానేస్తానంటే తిరిగి ఇవ్వని మన ఊళ్ల ప్రైవేటు బళ్లు, షోరూములు గుర్తుకొచ్చాయి.

మన నేల మీద జరిగినదైతే ఇంకా ఘోరం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. ఒక్కొక్క మనిషిని కాదు, కులాలకు కులాలనే పుట్టుకతో నేరస్థులుగా ప్రకటించే చట్టం అది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. ఎరుకల వారిలో ఎన్నో కుటుంబాలను ఆ జాబితాలో చేర్చారు. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న స్టువర్టుపురం అలా వెలిసిన ఊరే. అప్పటి అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో ఆ సెటిల్‌మెంటును పెట్టారు. హాజరు వేయించుకోవాలి, పొలిమేర దాటాలంటే పాసు తీసుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో 1947లోను, దేశమంతటా 1952 ఆగస్టు 31 నుంచీ ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గాని, ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి కళ్లలో కనిపించే అనుమానం మాత్రం చాలాకాలం పోలేదు. ఆ ఊరి పిల్లవాడు ఎన్ని నడవడి పత్రాలు తెచ్చినా చిరునామా గడి వాటన్నిటినీ కొట్టేసేది. నడవడిని పనిలో చూడకుండా పుట్టుకలో చూస్తే జరిగేది అదే.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1917లో బరోడా కొలువులో చేరడానికి వెళ్లినప్పటి సంగతి మన హాస్టల్లో ప్రతి ఏప్రిల్ 14న ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. కొలంబియా విశ్వవిద్యాలయం చదువు ఉంది. మహారాజు పిలిచి ఇచ్చిన ఉద్యోగం ఉంది. ఉండడానికి మాత్రం ఆ ఊళ్లో ఇల్లు లేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో దిగవలసి వచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఆ రోజు ఇద్దరు మిత్రులను అడిగితే ఇద్దరూ ఏదో సాకు చెప్పారు. ఈ కథను మనం అంటరానితనం గురించి చెప్పుకుంటాం. అది నిజమే. అందులో మరో సంగతి కూడా ఉందని మాకు ఇప్పుడు తోస్తోంది. అంత చదువు చదివిన మనిషి తరఫున "ఈయన నాకు తెలుసు, నా ఇంట్లో ఉంటాడు" అని చెప్పే గొంతు ఒక్కటీ ఆ ఊళ్లో లేకపోయింది. ఆయన నడవడిలో లోటు లేదు. సాక్షి లేడు, అంతే.

అదంతా పాత కాలం అంటారా? 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రెండు పరిశోధనలు అచ్చయ్యాయి. సుఖదేవ్ థోరట్, పాల్ ఆటివెల్ చేసిన దానిలో, పత్రికా ప్రకటనలు చూసి ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అనుభవం ఒకటే, పేరు మాత్రం వేరు. అగ్రకుల హిందువు పేరుకు పిలుపు వచ్చే అవకాశాన్ని 100 అనుకుంటే, దళితుడి పేరుకు అది సుమారు 67, ముస్లిం పేరుకు సుమారు 33 అని తేలింది. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ చేసిన రెండో దానిలో ఢిల్లీ ప్రాంతపు పెద్ద కంపెనీల్లో మనుషులను తీసుకునే అధికారులతో మాట్లాడారు. మాకు కులం పట్టదు, ప్రతిభే ముఖ్యం అని వాళ్లు అన్నారు. మళ్లీ ఆ నోటితోనే 'కుటుంబ నేపథ్యం' చూస్తామని కూడా అన్నారు. నాన్నగారు ఏం చేస్తారు, అన్నదమ్ములు ఏం చేస్తారు, ఎలాంటి ఇంటి నుంచి వచ్చాడు అన్నవి వాళ్లకు నడవడి గుర్తులు. మన నాన్నలు ఏం చేస్తారో వేరే చెప్పాలా? ఆ ప్రశ్న వేసేవాడికి మనమీద పగ ఉండనక్కర లేదు. తనలాంటి ఇంటి నుంచి వచ్చినవాడే మంచివాడు అని నమ్మితే చాలు.

ఇక ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల సంగతి చూడండి. మనలో చాలామంది అమ్మలు, అక్కలు ఆ పని చేసినవాళ్లే. హైదరాబాదులో అపార్ట్‌మెంట్లలో పనికి కుదరాలంటే ఆధార్ జెరాక్స్, ఫోటోలు, పాత ఇంటివాళ్ల ఫోన్ నంబరు ఇమ్మంటారు. ఇస్తారు. కానీ ఆ ఇంటివాళ్లు ఎలాంటివాళ్లు అని ఈమె ఎవరిని అడగాలి? జీతం నెల నెలా ఇస్తారా, జ్వరం వస్తే కోత పెడతారా, మగవాళ్ల తీరు ఎలాంటిది అన్న విచారణకు ఏ గడీ లేదు. ఇంకో మెలిక కూడా ఉంది. జీతం ఎగ్గొట్టారనో, మాట అన్నారనో పని మానేసిన ఇంటి నంబరే ఈమె ఇవ్వాలి. ఎవరివల్ల కష్టపడిందో వాళ్లే ఈమె నడవడికి సాక్షులు. వాళ్లు ఫోన్లో "ఏమో అండీ, మాకైతే కుదర్లేదు" అని ఒక్క మాట అంటే చాలు, కొత్త ఇంటి తలుపు మూసుకుంటుంది. ఏమన్నారో ఈమెకు ఎప్పటికీ తెలియదు.

ఇంగ్లండులో 1994లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక తీర్పు ఇచ్చింది. పాత ఉద్యోగి గురించి మాట ఇచ్చే యజమాని జాగ్రత్తగా, నిజం విచారించి చెప్పాలి, అజాగ్రత్తగా చెప్పి అతని బతుకు చెడగొడితే నష్టపరిహారానికి బాధ్యుడు అన్నది దాని సారం. మన దగ్గరా ఒక మంచి ఆలోచన పాతదే ఉంది. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద చేసిన నమూనా నియమాల్లో, పని నుంచి తొలగినా, తొలగించినా, రిటైరైనా పర్మినెంటు కార్మికుడికి సర్వీసు సర్టిఫికెట్ పొందే హక్కు ఉంది అని రాశారు. దయ కాదు, హక్కు. అయితే అది పెద్ద ఫ్యాక్టరీల పర్మినెంటు కార్మికుల మాట. ఇంట్లో అంట్లు తోమే అమ్మకు, షాపులో పొట్లాలు కట్టే తమ్ముడికి ఆ కాగితం ఎవరూ రాసివ్వలేదు.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. మెస్ చార్జీలు పెంచమనో, స్కాలర్‌షిప్పులు విడుదల చేయమనో రోడ్డెక్కినప్పుడు కేసులు పడడం కొత్తేమీ కాదు. రేపు పోలీసు ఉద్యోగానికో మరో ఉద్యోగానికో అటెస్టేషన్ ఫారంలో "మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా?" అని అడుగుతారు. భయపడి 'లేదు' అని రాస్తే అదే పెద్ద తప్పవుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే విచారించింది. అడిగిన వివరం నిజంగా రాయాలి, దాచకూడదు అన్నది. దానితోపాటు, చిన్న వయసులో నినాదాలు ఇచ్చినందుకు పెట్టినటువంటి చిన్న కేసులను అధికారులు విచక్షణతో చూసి మన్నించవచ్చనీ చెప్పింది. 2015 బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ కూడా తెలుసుకోండి. 16 ఏళ్లు దాటి, ఘోర నేరంలో పెద్దవాళ్లతో సమానంగా విచారణ జరిగిన సందర్భాలు తప్ప, బాల్యంలో చేసిన తప్పు కారణంగా తరువాతి జీవితంలో ఏ అనర్హతా అంటకూడదు అని అందులో ఉంది. కాబట్టి దాచకండి. తెలిసిన లాయరును అడిగి, ఉన్నది ఉన్నట్టు రాయండి. నిజం రాసినవాడికి వాదించుకునే చోటు ఉంటుంది. దాచినవాడికి ఆ చోటు కూడా పోతుంది.

కొన్ని మంచి మార్పులు కూడా వచ్చాయి. 2014 తరువాత కేంద్ర ప్రభుత్వ శాఖలు జెరాక్సుల మీద గెజిటెడ్ సంతకం బదులు అభ్యర్థి సొంత సంతకాన్నే ఒప్పుకోవడం మొదలుపెట్టాయి. 2016 జనవరి 1 నుంచి కేంద్రంలో కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసేశారు. పోలీసు విచారణ అయ్యేదాకా ఆపకుండా, అభ్యర్థి ఇచ్చిన స్వీయ ప్రకటన తీసుకుని తాత్కాలిక నియామక పత్రం ఇవ్వమని కూడా ఆ ఏడే చెప్పారు. వీటివల్ల ప్రభుత్వ కార్యాలయాలు దొంగలతో నిండిపోలేదు. ముందు మనిషిని నమ్మి, తరువాత విచారించి, అబద్ధమని తేలితే తీసేయవచ్చు. అందరినీ ముందే అనుమానించనక్కర లేదు.

"అయితే తెలియనివాణ్ణి ఎలా నమ్మాలి?" అని మాలోనే ఒకన్న అడిగాడు. ఆయనకు చిన్న హార్డ్‌వేర్ షాపు ఉంది. ఒకసారి నమ్మి పెట్టుకున్న కుర్రవాడు గల్లా డబ్బుతో పోయాడు. ఆయన బాధ మాకు అర్థమైంది. ఆ కుర్రవాణ్ణి ఎవరి మాట మీద పెట్టుకున్నావన్నా అని అడిగాం. ఊళ్లో ఒక పెద్దమనిషి ఫోన్ చేసి చెప్పాడట. అంతకుముందు ఆ కుర్రవాడు రెండేళ్లు పనిచేసిన ఎరువుల దుకాణం పక్క వీధిలోనే ఉంది. అక్కడ మాత్రం అడగలేదట. పెద్దమనిషి మాట ఉంది కదా అని ఊరుకున్నాడట. పలుకుబడి చూసి పెట్టుకున్నాడు, పని చూసి పెట్టుకోలేదు. విచారణ వద్దని మేము అనడం లేదని ముందే చెప్పాం. అసలైన విచారణ చేయమంటున్నాం.

ఇక అసలు సంగతి. ఒకప్పుడు మనం సంతకం కోసం తిరిగినవాళ్లం. ఇప్పుడు మనలో కొందరి సంతకానికి విలువ వచ్చింది. టీచర్లయ్యాం, గెజిటెడ్ అధికారులయ్యాం, షాపులు పెట్టాం, ఇంట్లో పనిమనిషిని పెట్టుకునే స్థితికి వచ్చాం. అటువైపు కుర్చీలో కూర్చున్నాక మనమూ ఆ గుమాస్తాలాగే నవ్వుతున్నామా? మాలో ఒక చెల్లెలు నిజాయితీగా ఒప్పుకుంది. ఇంటి పనికి వచ్చిన ఆమెను తాను మొదట అడిగిన ప్రశ్న "ఏ ఊరు, మీరేమిట్లు?" అన్నదేనట. అడిగాక సిగ్గుపడిందట. సిగ్గుపడింది కాబట్టి మాకు చెప్పింది. చెప్పనివాళ్లు మాలో ఎంతమంది ఉన్నారో?

అందుకే ఈ సంచిక ద్వారా కొన్ని మాటలు మన అందరి ముందు పెడుతున్నాం.

మొదటిది, పూర్వ విద్యార్థులకు. జూనియర్లకు సంతకం పెట్టండి. అయితే ఎరిగి పెట్టండి. ఎరగనివాడికి "మంచివాడు" అని రాసే బదులు ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చి వాళ్లతో గడపండి, చదువు చెప్పండి, అప్పుడు రాయండి. "ఇతనికి రెండేళ్లు వేసవిలో లెక్కలు చెప్పాను, ఒక్కరోజు మానలేదు" అన్న ఒక్క వాక్యం నాలుగు స్టాంపుల కన్నా గట్టిది. మనవాడే కదా అని అబద్ధం రాయకండి. ఈ హాస్టల్ పేరు మీద ఒక అబద్ధం బయటపడితే, వెనకాల వచ్చే పదిమంది నిజాన్ని ఎవరూ నమ్మరు.

రెండోది, హాస్టల్‌కు. పదో తరగతి పూర్తయి వెళ్లే పిల్లలకు కాండక్ట్ సర్టిఫికెట్‌లో అందరికీ ఒకే "సంతృప్తికరం" రాసి పంపుతున్నాం. దానితోపాటు మరో కాగితం ఇద్దాం. మెస్ కమిటీలో ఉండి సరుకుల లెక్క చూసినవాడు, గ్రంథాలయం బీరువా తాళం పెట్టుకున్నవాడు, చిన్న పిల్లలకు రాత్రి చదువు చెప్పినది, తోటలో నీళ్లు పట్టినది అని చేసిన పని పేరు పెట్టి రాద్దాం. వార్డెన్ గారు సంతకం పెట్టే ముందు వంటమ్మను, వాచ్‌మన్ తాతను కూడా అడగాలని మా మనవి. పిల్లలకు తెలియకుండా పిల్లలను చూసేది వాళ్లే.

మూడోది, మనుషులను పనిలో పెట్టుకునే మనకు. చేసిన పని గురించి, ఆ పని చూసినవాళ్లనే అడుగుదాం. కులం, ఊరు, నాన్న వృత్తి అడగవద్దు. ఎవరైనా చెడు చెబితే ఆ మాట పనివాడి ముందు పెట్టి, అతని జవాబు విని నిర్ణయిద్దాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు మన బీరువాలో పెట్టుకోవద్దు. కొన్నాళ్లు పని చూసి తీసుకుందాం, ఆ కొన్నాళ్లకు కూడా జీతం ఇద్దాం. మానేసి వెళ్లేటప్పుడు ఎన్నాళ్లు, ఏం పని చేశారో అడగకముందే రాసిద్దాం. మనకు ఎవరూ రాసివ్వలేదని మనం మానుకోవద్దు.

నాలుగోది, ఇప్పుడు చదువుకుంటున్నవాళ్లకు. పనిచేసిన చోటల్లా, అది నెల రోజుల క్యాటరింగ్ పనైనా సరే, ఒక కాగితం అడిగి తీసుకోండి. అడగడం తప్పు కాదు. స్టాంపు కొనుక్కోకండి. పెద్దమనిషి తెలియకపోవడం సిగ్గుపడవలసిన సంగతి కాదు.

వంటమ్మ పోయిన ఏడాదే పని మానుకుని కూతురి దగ్గరికి వెళ్లింది. వెళ్లేముందు ఫారం సంగతి ఆమెకు చెప్పాం. మీ పేరు రాస్తే ఒప్పుకోలేదమ్మా అన్నాం. ఆమె బాధపడలేదు. "వాడా? జ్వరంతో ఉన్న చిన్నోడికి తన గుడ్డు ఇచ్చేసి, తిన్నానని నాతో అబద్ధం చెప్పేవాడు" అంది.

నడవడి అంటే ఇంతకంటే ఏం కావాలో మాకు తెలియదు. ఆ సంగతి తెలిసిన మనిషి పేరు పట్టే గడి ఏ ఫారంలోనూ లేదు. కనీసం మనం తయారుచేసే ఫారాల్లోనైనా ఆ గడి ఉండాలని, మనం అడిగే ప్రశ్నల్లోనైనా ఆమెకు చోటుండాలని కోరుకుంటూ, ఈ మాటలు ముగిస్తున్నాం. ఒప్పుకోనివాళ్లు వేపచెట్టు కిందికి రండి, మాట్లాడుకుందాం.